మా బావ జారి పడలేదు

మా బావ తనంతట తాను బండి మీంచి జారి పడినాడని ఒక కోర్టు చెప్పింది. అది అబద్ధం. ఆయన బతికున్నన్నాళ్ళూ "వదిలెయ్ బామ్మర్దీ" అంటా వచ్చినాడు, నేనూ వదిలేసినట్టే ఉండినాను. పోయిన మంగళవారం ఆయన పోయినాడు. ఇంక నన్ను ఊరుకోమనే మనిషి లేడు.

ఇక్కడి మన తెలుగువాళ్ళ సంఘం పత్రికలో పోయినవాళ్ళ గురించి రాసేదానికి ఒక పద్ధతి ఉంది. పైన ఫోటో, కింద దీపం బొమ్మ, అందరికీ మంచివాడు అని నాలుగు ముక్కలు. సంఘం సెక్రటరీ వచ్చి "మామా, మీరు చెప్పండి, నేను మంచిగా రాస్తా" అన్నాడు. నీ మంచి నాకొద్దు పో అన్నాను. నాకు వచ్చిన రాత చాలు. తప్పులుంటే చదివేవాళ్ళు దిద్దుకోండి. ఈ నాలుగు అక్షరాలు నేర్పిందే మా బావ. విరుదునగర్ పప్పు మిల్లులో నేను మూటలు మోసే కాలంలో ఆయన ఆదివారాలు వచ్చి, అచ్చు చెడిన అగ్గిపెట్టె లేబుళ్ళ వెనక కాలిన పుల్లతో రాసి చూపించేవాడు. వాకిలి దాటితే అంతా తమిళమే కదా మనకు. ఇంట్లో మాట్లాడే మాటకు ఒక రూపం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. "ఇది మన అవ్వ మాట రా. చూడు, మురుకుల మాదిరి ఎంత గుండ్రంగా ఉందో" అనేవాడు.

ఆయన మా పెద్దక్క మొగుడు. కోవిల్పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీకి ఏజెంటు. ఏజెంటు అంటే మేజా, కుర్చీ అనుకోవద్దు. కంపెనీలో అట్ట, లేబుళ్ళు తీసుకుని ఏళాయిరంపన్నై పక్క ఊళ్ళకు పోయి ఇండ్లల్లో ఆడవాళ్ళకు ఇచ్చేది, వాళ్ళు అంటించి ఆరబెట్టిన ఖాళీ పెట్టెలను గోనె మూటలో కట్టుకుని కంపెనీకి తెచ్చేది. మోటారు సైకిలు వెనక ఆ మూట మనిషి కంటే ఎత్తుగా ఉంటుంది. వెనక నుంచి చూస్తే మనిషి కనిపించడు, మూటే తనంతట తాను పోతున్నట్టు ఉంటుంది. "అదో, మూట వస్తాంది" అనే అనేవాళ్ళు ఆ ఊళ్ళల్లో, మనిషి వస్తాడని ఎవరూ అనరు.

ఆయన అంత నిదానంగా బండి తోలేవాణ్ణి నేను చూడలేదు. మలుపు వస్తే రోడ్డు మీద కాకి లేకపోయినా హారన్ కొడతాడు. ఎవరికి బావా అంటే "గాలికి చెప్పినా" అంటాడు. గొర్రెల మంద ఎదురొస్తే దిగి బండి పట్టుకుని నిలబడతాడు. "రోడ్డంటే అత్తగారిల్లు బామ్మర్దీ. అణిగిమణిగి పోవాల. మన ఇంట్లో తిరిగినట్టు తిరిగితే మర్యాద దక్కదు" అని చెప్పేవాడు. కంపెనీకి నడిచిపోయే ఆడవాళ్ళు ఆయన్ను వదిలేవాళ్ళు కాదు.

"ఏమన్నా, ఎక్కించుకుంటావా?"

"ఎక్కమ్మా, ఎక్కు."

"వద్దులేన్నా, మాకు అవసరంగా పోవాల" అని నవ్వుకుంటా ముందు నడిచిపోయేవాళ్ళు.

ఈ మనిషినే కోర్టు వేగంగా వచ్చినాడు అనింది.

ఇంక ఆ సంగతికి వస్తాను. అంతకు ముందు, మన ఇండ్లల్లో పెరగనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాల. మనవాళ్ళు పాము కరిచిందని అనరు, పురుగు ముట్టింది అంటారు. తాటిచెట్టు మీంచి పడితే కాలు తట్టుకుంది అంటారు. దెబ్బ తగిలిన మనిషి నోట్లో ఇంటి అన్నం ఒక ముద్ద పడే దాకా, కొట్టిందేదో దాని పేరు ఎత్తకూడదు. ఎత్తితే, తన్నే పిలిచినారని అది తిరిగి వస్తుంది, మిగిలింది కూడా తీసుకుని పోతుంది. మా అవ్వ చెప్పింది, ఆమెకు వాళ్ళవ్వ చెప్పింది. నమ్మేవాళ్ళు నమ్మండి, నవ్వేవాళ్ళు నవ్వండి. మా ఇంట్లో దీన్ని ఎవరూ తప్పలేదు.

తొంభైల్లో ఒక దినం మధ్యాన్నం, ఏళాయిరంపన్నై నుంచి కోవిల్పట్టికి వచ్చే దారిలో, ఒక లారీ మా బావను దాటుకుని పోతా మూటను తట్టింది. బండి తిరగబడింది. లారీ వెనక చక్రం ఆయన మోకాలు మీద పోయింది. ఖాళీ అగ్గిపెట్టెలు గాలికి రోడ్డంతా పరుచుకుని, రోడ్డు దాటి పత్తి చేలల్లోకి దొర్లినాయి. లారీ నిలబడింది. డ్రైవరు దిగి వచ్చి మా బావ నోట్లో నీళ్ళు కూడా పోసినాడు. "తెలియక తట్టినానయ్యా" అని తమిళంలో ఏడ్చినాడంట. మా బావ చెవులారా విన్నాడు.

సర్కారు ఆసుపత్రిలో డాక్టరు మా అక్కను అడిగినాడు, ఏమైందమ్మా అని. మా బావ కండ్లు మూసుకుని ఉన్నాడు, పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మా అక్క ఇంకేం చెబుతుంది? "బండి మీంచి కింద పడినారు సామీ" అనింది. డాక్టరు అదే రాసుకున్నాడు. నేను అప్పుడు పక్కనే నిలబడి ఉన్నాను. ఆ మాటలో నాకు ఏ తప్పూ కనిపించలేదు. మన ఇంటి ఆడది చెప్పాల్సిందే చెప్పింది. మూడో దినం ఆయన రసం అన్నం ఒక ముద్ద మింగినాక వరండాలోకి వచ్చి, "లారీ రా తమ్ముడూ, పాపిష్టి లారీ" అని అప్పుడు ఏడ్చింది.

కేసు వేసినాము. కాలు వంగదు, పని లేదు, వెయ్యకుండా ఎట్లా? ఊరు పేరు రాయను, ఆ కోర్టు మెట్లు నేను ఎన్ని మార్లు ఎక్కినానో నాకే తెలియదు. అక్కడ బెంచీ మీద కూర్చుని చూస్తా ఉంటే నాకు ఒకటి అర్థమైంది. కారు మనిషి బోనులో నిలబడితే "ఎట్లా జరిగిందండీ?" అని అడుగుతారు. మోటారు సైకిలు మనిషి నిలబడితే "ఎంత వేగంలో వచ్చినావు?" అని అడుగుతారు. మాకు ముందు పిలిచిన కేసులో ఒకాయన రైలు గేటు కాడ బండి ఆపి నిలబడి ఉంటే బస్సు వెనక నుంచి గుద్దింది. ఆయన్ను కూడా ఎంత వేగం అనే అడిగినారు. వాకిట్లో కాపలా ఉన్న పోలీసు నా మొహం చూసి "పెద్దాయనా, రెండు చక్రాలంటే సగం తప్పు పుట్టుకతోనే వస్తుంది" అన్నాడు. ఆయన ఎగతాళికి అన్నాడు.

లారీ డ్రైవరు బోనెక్కి, దోవలో ఎవరో పడి ఉంటే పుణ్యానికి బండి ఆపి నీళ్ళు పోసినానని చెప్పినాడు. ఆ నీళ్ళే మాకు విషం అయినాయి. లారీ పక్క వక్కీలు లేచి మా బావను అడిగినాడు: "అంత పెద్ద మూట కట్టుకున్నావు, బరువుకు తూలి పడినావు, అవునా కాదా?"

"కాదయ్యా. అవి ఖాళీ పెట్టెలు. మీ కోటు బరువు కూడా ఉండవు."

జనం నవ్వినారు. జడ్జి అయ్యకు కోపం వచ్చింది, అడిగినదానికి మాత్రం బదులు చెప్పమన్నాడు.

తరవాత మా అక్కను పిలిచినారు. మా అక్క అంతకు ముందు కోర్టు మొహం చూసిన మనిషి కాదు. కొంగు కప్పుకుని నిలబడింది.

"డాక్టరుతో నీ మొగుడు కింద పడినాడని చెప్పినావా లేదా?" వక్కీలు తమిళంలో అడిగినాడు.

"చెప్పినా సామీ."

"లారీ అని చెప్పినావా?"

"లేదు సామీ."

"ఇప్పుడు మాత్రం లారీ అంటావే. ఆ దినం ఎందుకు చెప్పలేదు?"

మా అక్క ఆయన మొహాన్ని నిదానంగా చూసింది. ఇంత చిన్న విషయం ఈయనకు తెలియదా అన్నట్టు చూసింది. "అప్పటికి ఆయన ఇంకా అన్నం తినలేదు కదా సామీ" అనింది.

కోర్టంతా గొల్లున నవ్వింది. జడ్జి అయ్య కూడా పెదవి బిగించి నవ్వు ఆపుకున్నాడు. వక్కీలు అందరికంటే పెద్దగా నవ్వి, అంతే చాలు తల్లీ, పో అన్నాడు. మా వక్కీలు తమిళాయన, ఆయనకు మన సంగతి ఏమీ తెలియదు, తల పట్టుకుని కూర్చున్నాడు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక మా అక్క కూడా కొంచెం నవ్వింది. అది నేను చూసినాను. చచ్చేదాకా మరవను.

చదివేవాళ్ళు ఇప్పుడు ఒక సంగతి తెలుసుకోవాల. ఆ లారీ పక్క వక్కీలు మన మనిషి. మన మాటే వాళ్ళ ఇంట్లో కూడా. పేరు రాయను, కానీ ఈ పత్రిక ఆయన ఇంటికి కూడా పోతుంది. ఆ దినం కోర్టు పక్కన టీ అంగడిలో ఆయన్ను పట్టుకున్నాను.

తెలుగులోనే అడిగినాను: "ఏమప్పా, మీ ఇంట్లో పాము కరిస్తే ఏమంటారు?"

ఆయన టీ ఊదుకుంటా "పురుగు ముట్టింది అంటారు" అన్నాడు.

"అట్లయితే మా అక్క ఎందుకు అట్లా చెప్పిందో నీకు తెలుసు."

"తెలుసన్నా. మా అవ్వ కూడా అంతే."

"మరి తెలిసీ అడిగితివే?"

"తెలిసింది నాకు కదన్నా, జడ్జికి కాదు కదా. జడ్జికి చెప్పాల్సింది మీ వక్కీలు. నేను మీ పక్క మనిషిని కాదు" అని గ్లాసు పెట్టి పొయ్యినాడు. కోపం లేదు, సిగ్గు లేదు. వాన వచ్చేట్టుందే అన్నట్టు చెప్పినాడు.

తీర్పు ఇంగ్లీషులో చదివినారు. మా వక్కీలు తమిళంలో చెప్పినాడు. ఇట్లాంటి బండ్లవాళ్ళు మూట కట్టుకుని వేగంగా, అజాగ్రత్తగా పోవడం మామూలే, ఈయన కూడా తన తప్పుతో తానే పడినాడు, పెండ్లామే చెప్పింది, కేసు కొట్టేసినాము. అంతే.

దాని తరవాత ఆ మనిషికి ఒక పేరు వచ్చింది. కోవిల్పట్టి బజారులో "జారినాయన" అంటే మా బావే. కంపెనీ ముదలాళి, అదే ఓనరు, మళ్ళీ ఏజెంటు పని ఇయ్యలేదు. "కోర్టే చెప్పింది కదయ్యా నీకు జాగ్రత్త లేదని" అన్నాడంట. బతుకంతా గాలికి కూడా హారన్ కొట్టిన మనిషిని పట్టుకుని! పైకోర్టుకు పోదాం బావా అంటే ఆయన తల అడ్డంగా ఊపినాడు. "వద్దు బామ్మర్దీ. అక్కడా మీ అక్కను ఇదే అడుగుతారు. అక్కడా నవ్వుతారు. నా కాలు పోయింది చాలు, దాని మానం పోవద్దు" అన్నాడు.

ఎవరైనా వచ్చి, నీ పెండ్లాం నోటితోనే కేసు పోయింది అంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. "దాని నోటితోనే నేను ఉండాను. అది పేరు ఎత్తి ఉంటే నేను తినే ఈ ఇడ్లీ మీరు తింటా ఉందురు, నేను ఫోటోలో ఉందును" అని నవ్వేవాడు. నమ్మి చెప్పేవాడో, మా అక్క కోసం చెప్పేవాడో నేను అడగలేదు. ఆ మాటతోనే మా అక్క ఇన్నేండ్లు తలెత్తుకుని తిరిగింది. ఒక ఆడదాన్ని ఎట్లా కాపాడాలో ఆయన్ను చూసి నేర్చుకున్నాను. నా పెండ్లాం కాడ నేను అంత మంచివాణ్ణి కాదు, అది వేరే సంగతి.

వంగని కాలుతోనే మళ్ళీ బండి నేర్చుకున్నాడు. చిన్న మొపెడ్. ఒక కాలు ముందుకు చాపుకుని పొయ్యేవాడు, ఎద్దు మీద కూర్చున్నట్టు. శ్రీవిల్లిపుత్తూరుకు పోయినప్పుడల్లా నాకు పాలకోవా తెచ్చేవాడు, నాకు సుగరు ఉందని తెలిసీ తెచ్చేవాడు. "కొంచెం తిను. నిదానంగా తిను" అనేవాడు. అన్నీ నిదానమే ఆయనకు.

పోయిన మంగళవారం పొద్దున నా మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, నాన్న కింద పడినాడు" అనింది. ఆ మాట వినగానే నాకు అర్థమైంది. బస్సెక్కి ఆసుపత్రికి పోయినాను. నాలుగు దోవల పెద్ద రోడ్డు వేస్తున్నారే, దాని పక్కన సందు దోవలో పోతా ఉంటే వెనక నుంచి లారీ కొట్టింది. వేరే లారీ, వేరే డ్రైవరు. ఈ మారు ఆగలేదు కూడా.

ఆసుపత్రిలో మా మేనకోడలు మెత్తగా వండిన అన్నం క్యారియర్లో తెచ్చి పెట్టుకుని ఉంది. మూత ఇంకా తియ్యలేదు. డాక్టరమ్మ వచ్చి, ఎట్లా తగిలింది అని అడిగింది. మా మేనకోడలు నోరు తెరిచే లోపల మా అక్క ముందుకు వచ్చింది. ముసలిది, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ గొంతు. "లారీ కొట్టింది. వెనక నుంచి లారీ కొట్టింది. రాసుకో తల్లీ, లారీ అని రాసుకో" అని అరిచింది. వరండా అంతా తిరిగి చూసింది. కోర్టు నేర్పిన పాఠం అది. ఇన్నేండ్లు లోపల పెట్టుకుని ఉండింది.

మా బావ కండ్లు తెరిచినాడు. విన్నాడు. చెయ్యి ఎత్తి మా అక్క నోటి పక్కకు చాపినాడు, అందలేదు. మూసేదానికో, నిమిరేదానికో తెలియదు. చెయ్యి అట్లే దిగింది. మేనకోడలు అన్నం కలిపే లోపలే అయిపోయింది.

మా అక్క ఏడవలేదు. "నేను పేరు చెప్పినా" అనింది. అంతే. ఆ తరవాత ఆమె నోట మాట లేదు. పాడె ఎత్తేటప్పుడు లేదు, ఊరి ఆడవాళ్ళు వచ్చి పట్టుకుని ఏడ్చినప్పుడు లేదు. ఏళాయిరంపన్నై నుంచి, ఆయన్ను ఎగతాళి చేసిన ఆడవాళ్ళే, ఇప్పుడు వాళ్ళూ ముసలివాళ్ళు, నడిచి వచ్చినారు. వాళ్ళను చూసి కూడా నోరు తెరవలేదు.

డాక్టరమ్మ లారీ అనే రాసింది. ఏమైంది? స్టేషన్లో అడిగితే "ముసలాయన, కాలు వంగదు, మొపెడ్. ఆయనే పడి ఉంటాడు, తరవాత లారీ ఎక్కి ఉంటుంది. చూసిన సాక్షి ఉన్నారా?" అన్నారు. ఉన్నారు. మా అక్క ఆయన వెనకే కూర్చుని ఉండింది. చెయ్యి గీసుకుని బతికింది. ఆమె ఒక్కతే సాక్షి. ఆమె నోరు తెరవదు. తెరవకపోతే మా బావ రెండో మారు కూడా జారి పడినవాడే అవుతాడు, సర్కారు కాగితంలో శాశ్వతంగా. ఇది నేను చూస్తా కూర్చోలేను. ఆ దినం నోరు మూసుకుంటే ఓడిపోయినాము, ఈ దినం తెరిస్తే మనిషే పోయినాడు. ఇంక ఏ నోటితో మాట్లాడాలో మీరే చెప్పండి.

మొన్న మా అక్క కాళ్ళ కాడ కూర్చుని, "అక్కా, నువ్వు చెప్పినందుకు పోలేదు, గుండె అడుగున దెబ్బ తగిలి పోయినాడు, డాక్టరమ్మే చెప్పింది" అన్నాను. వినలేదు. నేను తమ్ముణ్ణి, ఏదో సముదాయిస్తాడు అనుకునింది. ఆమె మనసు తిప్పగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు.

వక్కీలయ్యా, నిన్నే. చదువుతున్నావా? నువ్వు ఆ దినం అడిగిన ప్రశ్నే ఈ దినం మా అక్క నోట్లో నుంచి లారీ అని బయటికి వచ్చింది. నీ మీద నేను కేసు వెయ్యలేను. నువ్వు చేసింది చట్టంలో తప్పు కాదని నాకూ తెలుసు. కానీ నువ్వు వచ్చి మా అక్క ముందర కూర్చో. తమిళంలో వద్దు, ఇంగ్లీషులో వద్దు, మీ అవ్వతో మాట్లాడే మాటలో చెప్పు. "అమ్మా, నువ్వు ఎందుకు అట్లా చెప్పినావో నాకు తెలిసే అడిగినా. నీ నోటిలో ఏ తప్పూ లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు" అని చెప్పు. ఆమె నీ మాట వింటుంది. ఇన్నేండ్లుగా ఆమె తలలో అడుగుతున్న గొంతు నీదే.

ఆడి అమావాస్య దాకా గడువు, పోయినవాళ్ళకు నీళ్ళు వదిలే దినం అది. ఆ దినం మధ్యాన్నం లోపల వస్తావా రావా, బదులు చెప్పు. రాకపోతే మర్నాడు నేనే వస్తాను. ముసలివాణ్ణి, కర్రతో వస్తాను. నీ కోర్టు మెట్ల మీద, నీ కక్షిదారులందరి ముందర, తెలుగులో అడుగుతాను. అక్కడివాళ్ళకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, నీకు అర్థమవుతుంది.

మా అక్క ఇప్పుడు పొద్దంతా వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుంటుంది. ఆ వీధిలో పెద్ద బండ్లు పోతా ఉంటాయి. ఒక్కొక్క లారీ దగ్గరికి వచ్చేటప్పుడు చీర కొంగు నోట్లో కుక్కుకుంటుంది. అది దాటిపోయి, దుమ్ము అణిగే దాకా తియ్యదు. తీసి, పక్కన ఆడుకునే పిల్లలందరూ ఉన్నారా అని ఒక్కొక్కరినే చూస్తుంది. మళ్ళీ ఇంకొక లారీ వస్తుంది.

ఆడి అమావాస్య. మధ్యాన్నం. బదులు కావాల.